తెర మీద వేలం, తెర వెనక బేరం

ఈ-నామ్ మొదలై పదేళ్లు. 2016 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజు, ఎనిమిది రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఆ మొదటి జాబితాలోనే అప్పటికింకా నల్లగొండ జిల్లాలో ఉన్న మన తిరుమలగిరి మార్కెట్ కూడా ఉంది. అంటే ఈ ప్రయోగం పుట్టిన రోజు నుంచీ మన ప్రాంతం మీదనే జరుగుతోంది. కాబట్టి దీని గురించి మాట్లాడే హక్కు ఢిల్లీలో నివేదికలు రాసేవాళ్ల కన్నా మనకే ఎక్కువ ఉందని మేం అనుకుంటున్నాం.

అప్పుడు ఏం చెప్పారో గుర్తు చేసుకుందాం. గరిడేపల్లి రైతు వడ్ల రాశిని ఎక్కడో గుజరాత్‌లో కూచున్న వ్యాపారి కంప్యూటర్ మీద చూస్తాడట, వేలంలో పాడతాడట, పోటీ పెరిగి ధర దానంతటదే పైకి పోతుందట. గుజరాత్ సంగతి దేవుడెరుగు, మనం ఏటా వడ్లు పోసే యార్డులో రోజూ కళ్లెదుట తిరిగే ఆ పదిమంది ఖరీదుదారులు తప్ప పదకొండోవాడు ధర పెట్టగా మేం ఇంతవరకు చూడలేదు.

పోయిన ఏడాది యాసంగిలో మా మండలం రైతు ఒకాయనకు జరిగింది చెప్తాం. మార్చి నెల. సాగర్ ఎడమ కాలువ కింద ముందు నాట్లు వేసినవాళ్ల కోతలు అయిపోయాయి, ఐకేపీ సెంటర్లు ఇంకా తెరవలేదు. మిషన్ కిరాయి కట్టాలి, ఎరువుల దుకాణంలో బాకీ ఉంది. 62 క్వింటాళ్ల సన్నవడ్లు ట్రాక్టర్లకెత్తి తెల్లవారకముందే యార్డుకు చేరాడు. గేటు దగ్గర ఎంట్రీ, లాట్ నంబరు, తేమ చూసే మిషన్ అన్నీ పద్ధతిగానే జరిగాయి. పదకొండు గంటలకు ధరలు రావాలి. సర్వర్ లేదన్నారు. పన్నెండు అన్నారు, తర్వాత రెండు అన్నారు. ఎండలో వడ్లు, వడ్ల పక్కన ఆయన. చివరికి వచ్చిన ధర 1,860 రూపాయలు.

ఆ సీజన్‌కు ఏ గ్రేడు వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,320. క్వింటాలుకు 460 తక్కువ. 62 క్వింటాళ్ల మీద 28,520 రూపాయలు. సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన 500 బోనస్ ఈ లెక్కలో వేయలేదు.

ఈ-నామ్ నిబంధనల్లో రైతుకు ఒక హక్కు ఉంది. ధర నచ్చకపోతే అమ్మను అనొచ్చు. ఆయన అదే అన్నాడు. హక్కు వాడుకున్నందుకు ఏమైందో వినండి. ఆ రాత్రి రాశి పక్కనే పడుకున్నాడు. షెడ్లలో అప్పటికే వ్యాపారులు కొన్న బస్తాలు నిండి ఉన్నాయి, రైతు వడ్లకు ఆరుబయలే గతి. ట్రాక్టర్లకు రెండో రోజు కిరాయి. మబ్బు పట్టింది, పట్టాలు కిరాయికి తెచ్చుకున్నాడు. మర్నాడు అదే లాట్‌కు పడ్డ ధర 1,810. మూడో రోజుదాకా ఆగే దమ్ము ఏ రైతుకుంటుంది? అమ్మేశాడు. పైగా ఆయన ఫోన్‌కు ధర మెసేజ్ రానే లేదు. ఎందుకని ఆరా తీస్తే తేలింది, గేటు ఎంట్రీలో రాసుకున్నది అడ్తిదారు ఫోన్ నంబరు! రైతు పంట ధర రైతు కన్నా ముందు అడ్తిదారుకు తెలుస్తుంది. దీన్నే మనకు పారదర్శకత అని చెప్పారు.

మేం కంప్యూటర్‌కు వ్యతిరేకం కాదు. పాత పద్ధతి బంగారమనీ అనడం లేదు. తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసిన కాలం, తెల్ల చిట్టీ మీద ధర రాసి సాయంత్రానికి దాన్ని దిద్దిన కాలం మన పెద్దలకు బాగా తెలుసు. గేటు దగ్గరే పంట నమోదు కావడం, లాట్‌కు నంబరు ఉండటం మంచిదే. కానీ ఒక తేడా ఉంది. బహిరంగంగా పాట పాడినప్పుడు ఎవడు పాడుతున్నాడో, ఎవడు నోరు మూసుకున్నాడో, ఎవడు ఎవడికి కన్ను గీటాడో రైతు చూసేవాడు, అక్కడికక్కడే గొడవ పడేవాడు. ఇప్పుడు రైతుకు కనబడేది ఒక్క అంకె. ఆ అంకె వెనక ఎందరు పోటీ పడ్డారో, అసలు పడ్డారో లేదో తెలియదు. వ్యాపారులు పొద్దున టీ కొట్టు దగ్గర మాట్లాడుకుని ఎవరి వాటా రాశులు వాళ్లు పంచుకుంటే కంప్యూటర్‌కేం తెలుస్తుంది? వాళ్లు కొట్టిన అంకెల్లో పెద్దది ఏదో అది చూపిస్తుంది, అంతే.

బయటి వ్యాపారి ఎందుకు రాలేదు? ఈ పథకంలో చేరాలంటే రాష్ట్రాలు మూడు మార్పులు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. రాష్ట్రమంతటికీ ఒకే లైసెన్సు, ఒకేచోట మార్కెట్ ఫీజు, ఎలక్ట్రానిక్ వేలం. మూడూ కాగితం మీద అయ్యాయి. అయితే ఎక్కడో ఉన్న వ్యాపారి చూడని వడ్లకు ధర పెట్టాలంటే తేమ ఎంతో, తాలు ఎంతో, నూక ఎంత పడుతుందో చెప్పే పరీక్షను అతను నమ్మాలి. తేమ మిషన్ ఒక్కటి పెట్టి మిగతాది చేత్తో తీసి చూసి రాస్తే ఎవడు నమ్ముతాడు? శుభ్రపరిచే, గ్రేడింగ్ చేసే యంత్రాల కోసం ఒక్కో ఈ-నామ్ మార్కెట్‌కు 75 లక్షల దాకా ఇస్తామని 2017 బడ్జెట్‌లో ప్రకటించారు. మన యార్డులో వడ్లు తూర్పారబట్టేది ఇప్పటికీ ఫ్యాన్లూ, చాట కూలికొచ్చిన ఆడవాళ్లే. ఆ డబ్బు ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో మార్కెట్ కమిటీలు బోర్డు మీద రాసి పెట్టాలి.

డబ్బు చెల్లింపు సంగతి ఇంకో కథ. పంట సొమ్ము నేరుగా రైతు ఖాతాలో పడుతుందన్నారు. రైతుకు విత్తనాలప్పుడు, ఎరువులప్పుడు అప్పిచ్చింది అడ్తిదారు. వడ్లు ఆయన దుకాణం ముందే పోయాలి, తక్‌పట్టీ ఆయనే రాస్తాడు, అప్పు పట్టుకుని మిగిలింది ఇస్తాడు. వెంటనే నగదు కావాలంటే నూటికి ఇంత అని కోత. ఆ కోత ఏ తెర మీదా కనబడదు. అప్పు తెగనంతకాలం వేలం ఏ రూపంలో జరిగినా రైతు కాళ్లకు బంధం ఉన్నట్టే.

అసలు గరిడేపల్లి, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపు సన్నవడ్లలో ఎక్కువ భాగం యార్డు ముఖమే చూడవు. పచ్చి వడ్లు పొలంలోంచి నేరుగా మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. అక్కడ ఈ-నామ్ లేదు, వేలం లేదు. మిల్లు మనిషి గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి చూసి ధర చెప్తాడు. నచ్చకపోతే ట్రాక్టర్ తిప్పుకుని వరుసలో ఇంకో మిల్లుకు పోవాలి, అక్కడా అదే ధర. 2020 వానాకాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే సర్కారు చేసిన పని టోకెన్లు పెట్టడం. అప్పుడు ట్రాక్టర్ల వరుస పోయి టోకెన్ల కోసం మనుషుల వరుస వచ్చింది. కోతకొచ్చిన చేను టోకెన్ తేదీ దాకా ఆగుతుందా? ఈ సీజన్‌లో పత్తి రైతుకు సీసీఐ కపాస్ కిసాన్ యాప్ పెట్టి స్లాట్ బుక్ చేసుకుంటేనే కొంటామన్నా, ఆలోచన ఒకటే. కొనే బాధ్యత తగ్గించుకోవడానికి వరుసను ఫోన్‌లోకి మార్చడం.

మద్దతు ధర కన్నా తక్కువ అంకె కొడితే తీసుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఒక్కరోజు పని. ఇది మేం అడిగితే అధికారులు ఒక మాట అంటారు: అలా చేస్తే వ్యాపారులు అసలు పాడరు, మీ వడ్లు అక్కడే ఉంటాయి. ఈ మాటలో నిజం ఉంది, దాటవేయం. ప్రకాశం జిల్లా పొగాకు రైతుల అనుభవం చూడండి. అక్కడ 1975 చట్టం కింద ఏర్పడ్డ పొగాకు బోర్డు ఉంది, రైతులకు రిజిస్ట్రేషన్ ఉంది, వేలం కేంద్రాలున్నాయి. అయినా కొనే కంపెనీలు కొన్నే కావడంతో 'నో బిడ్' అయిన బేళ్లు ఇంటికి తిరిగొస్తాయి, రైతులు వేలం ఆపి రోడ్డెక్కుతారు. 2020 జూలైలో అలాంటి పరిస్థితిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వ్యాపారులతోపాటు పొగాకు వేలంలోకి దింపింది. వేలంలో ధర నిలబడాలంటే అవసరమైతే కొనే ప్రభుత్వ సంస్థ ఒకటి అదే పాటలో ఉండాలి. పొగాకుకు చేయగలిగింది వడ్లకు ఎందుకు చేయరు?

అందుకే మేం అడుగుతున్నాం. యార్డు తెర మీద వ్యాపారుల పేర్ల పక్కన పౌరసరఫరాల సంస్థ పేరు కూడా ఉండాలి. మద్దతు ధర కింద ఏ అంకె పడ్డా ఆ లాట్ సంస్థకు పోవాలి. సాగర్ ఆయకట్టులో కోతలు ముందొస్తాయని అందరికీ తెలుసు, ఐకేపీ సెంటర్లు మార్చి మొదట్లోనే తెరవాలి. ధర ఖాయమయ్యాక ప్రతి లాట్‌కు ఎంతమంది పాడారో, ఎవరెంత పెట్టారో యార్డులో పెద్ద తెర మీద చూపాలి. అమ్మను అన్న రైతు వడ్లకు షెడ్డులో మొదటి హక్కు ఇవ్వాలి. ఇక పంటను మార్కెట్ గోదాములో కుదువపెట్టి వడ్డీ లేని అప్పు తీసుకునే రైతుబంధు పథకం (పెట్టుబడి సాయానికి ఆ పేరు పెట్టకముందు నుంచీ మార్కెట్ కమిటీల్లో ఉన్నది) ఎందరికి ఇస్తున్నారో చెప్పాలి. మేం అడిగిన రైతుల్లో చాలామందికి అది ఉందనే తెలియదు.

సభ్యులందరికీ ఒక మాట. ఈ యాసంగికి యార్డుకు పోయేవాళ్లు గేటు దగ్గర మీ సొంత ఫోన్ నంబరే రాయించండి, అడ్తిదారుది రాస్తే ఒప్పుకోకండి. లాట్ నంబరు, తేమ శాతం, ధర వచ్చిన టైము ఒక కాగితం మీద రాసుకోండి. సర్వర్ లేదంటే ఎన్ని గంటలు లేదో కూడా రాయండి. తక్‌పట్టీలు పారేయకుండా గ్రామ కమిటీకి ఇవ్వండి. మండలంలోని అన్ని ఊళ్లవీ కలిపి ఏ రోజు ఏ ధర పడిందో లెక్క తీసి కలెక్టర్ గారి ముందు పెడతాం.