సర్దుకోవడమే సమాధానమా?

పై అంతస్తులో నీళ్లు వదిలితే కింద గదిలో మా చదువు ఆగిపోతుంది. అడిగితే ‘సర్దుకోండి’ అంటారు. హాస్టల్ పిల్లలకు సర్దుకోవడం కొత్త కాదు. కానీ డ్రైనేజీ పైపు మోతకు మందుంది.

పలుచని పీవీసీ పైపు చప్పుడును ఆపలేదు. వదులైన క్లాంపులు బిగించి, మధ్యలో రబ్బరు పెడితే గోడ అదరడం తగ్గుతుంది. గుడగుడమంటే మాత్రం గాలి పైపు మూసుకుపోయిందనో, లోపల అడ్డుపడిందనో అనుమానించాలి. వదిలేస్తే దుర్వాసన గదుల్లోకి వస్తుంది.

అయితే అడ్డు తీయడానికి మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించవద్దు. రక్షణ సామగ్రి లేకుండా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ పని చేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ మాలో ఉన్నారు. మా నిద్ర కోసం మరొకరి తండ్రి ప్రాణం పోకూడదు. మిషన్ తెప్పించండి. ఇది కోరిక కాదు, మా హక్కు.