అవ్వను నడుస్తుండగా పలకరించకండి

ఒక చేత్తో పొయ్యి చూస్తూ, చంకన బిడ్డను పెట్టుకుని, వాకిట్లో పాలతనితో తమిళంలో లెక్క తేల్చేది మా అవ్వ. కోయంబత్తూరు పక్క మా ఇంట్లో అందరం దాన్నే గొప్పగా చెప్పుకుంటూ పెరిగాం. ఆమెకు పార్కిన్సన్స్ మొదలైందని తెలిశాకే మా తప్పు మాకు కనబడింది.

మొదట చెయ్యి వణకలేదు. రవికె హుక్కులు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. పద్దు పుస్తకంలో అక్షరాలు చిన్నవైపోయాయి. ముగ్గు వేస్తుండగా ఎవరైనా పలకరిస్తే పిండి వేళ్ల మధ్యే ఆగిపోయేది. కాఫీ దబరాతో వస్తుంటే "మోటరు నిలిపితివా అవ్వా?" అని మేం అడిగేవాళ్లం. అడుగులు పొట్టివై తూలేది. వయసు, పరధ్యానం అనుకున్నాం.

పరధ్యానం కాదది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు. నడక, హుక్కులు పెట్టుకోవడం మనకు అలవాటుగా వాటంతటవే జరిగిపోతాయి. ఈ జబ్బులో ఆ సులువు పోతుంది, ప్రతి అడుగుకూ మనసు పెట్టాలి. ఆ మనసును మన ప్రశ్న లాక్కుంటే కాలైనా తడబడుతుంది, చెయ్యైనా ఆగుతుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాశాడు. అందరికీ వణుకే గుర్తుండిపోయింది, ఈ సంగతి ఇళ్లల్లో తెలియదు.

"ఇంక ఏ పనీ చేయనివ్వకండి, కూర్చోబెట్టండి" అంటున్నారు చుట్టాలు. మేం ఒప్పుకోం. కూర్చోబెడితే ఉన్న బలమూ పోతుంది. తీసెయ్యాల్సింది పనిని కాదు, దాని పక్కన మనం పెట్టే రెండో పనిని.

నడిచేటప్పుడు చేతికి దబరా ఇవ్వకండి. ఏదైనా అడగాలంటే ఆమె ఆగాక అడగండి. హుక్కులు కూర్చుని పెట్టుకోనివ్వండి, తొందరపెట్టకండి. మందు వేళ తప్పనివ్వకండి. రెండు పనులు కలిపి చేసే సాధన కూడా ఉంది, కానీ అది ఫిజియోథెరపిస్టు పక్కనుండి చేయించాల్సింది. ఇంట్లో మనం పెట్టే పరీక్ష కాదు.

ఇప్పుడు అవ్వ పీట మీద కూర్చుని చిన్న ముగ్గే వేస్తుంది. మేం నోరు మూసుకుని నిలబడతాం. చివరి గీత కలిపాక తనే తలెత్తుతుంది: "ఇప్పుడు చెప్పు, ఏమడిగితివి?"