ఉస్తాద్‌ను మార్చాలా, షాగిర్ద్‌నా? చికాగో బేర్స్ అభిమానుల మధ్య తెగని వాదన

చికాగో బేర్స్ జట్టు 2024 సీజన్ 2025 జనవరి 5న ముగిసింది. 17 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి 5, ఓడినవి 12. ఆఖరి రోజు గ్రీన్ బేలో ప్యాకర్స్ మీద 24-22తో గెలవడం ఒక్కటే ఊరట. అంతకు ముందు వరుసగా 10 మ్యాచ్‌లు ఓడిపోయారు. హెడ్ కోచ్‌ను నవంబర్‌లోనే ఇంటికి పంపేశారు. 2025 జనవరిలో కొత్త కోచ్ కోసం వేట నడిచింది. 2025 మొదలయ్యేసరికి చికాగో అభిమానులు రెండు వర్గాలైపోయారు. తప్పు కోచ్‌దే అని కొందరు, కోట్లు పెట్టి తెచ్చుకున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్‌దే అని ఇంకొందరు.

చికాగోలోని డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల, శివారు ఊళ్లలో స్థిరపడిన మన హైదరాబాదీ కుటుంబాలకు ఇది పరాయి కబురేం కాదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు క్రికెట్ అంటే అబ్బా ఆట, బేర్స్ అంటే తమ ఆట. ఇక్కడున్న దాదీ, నానీలకు ఈ గోల అర్థం కావాలంటే ముందు రెండు ముక్కలు చెప్పుకోవాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, విసరాలి. జట్టు దాడికి దిగినప్పుడు బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు ఎదుటివాళ్లు మీదపడి పడగొడితే దాన్ని ‘శాక్’ అంటారు. ఏ ఎత్తు వేయాలో బయట నుంచి చెప్పేది కోచ్‌ల బృందం. అంటే ఒకరు ఉస్తాద్, ఒకరు షాగిర్ద్. ఒకరిని పక్కన పెట్టి ఇంకొకరికి మార్కులు వేయడం కష్టం.

అంకెలు ఎవరి పక్షం?

బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌కు 2025 జనవరి నాటికి 23 ఏళ్లు. 2024 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద మొదటి ఎంపిక అతనే. తొలి సీజన్‌లో 3,541 గజాలు విసిరాడు, 20 టచ్‌డౌన్‌లు ఇచ్చాడు, ప్రత్యర్థుల చేతిలో పడేసిన బంతులు 6 మాత్రమే. కొత్త కుర్రాడికి ఇవి చెడ్డ అంకెలు కావు. కానీ అతను 68 సార్లు శాక్ అయ్యాడు. మ్యాచ్‌కు నాలుగు సార్లు! 2024 సీజన్‌లో ఇంకే క్వార్టర్‌బ్యాక్‌కూ ఇన్ని దెబ్బలు తగల్లేదు.

కేలబ్‌ను తప్పుపట్టే వాళ్లు, బంతిని చేతిలో మరీ ఎక్కువసేపు ఉంచుకుంటాడు, దెబ్బలు తనే కొనితెచ్చుకుంటాడు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అతన్ని వెనకేసుకొచ్చే వాళ్లు, ముందు నిలబడి కాపాడాల్సిన వరుస బలహీనంగా ఉంటే ఏం చేస్తాడు అంటారు. అదీ నిజమే. అయితే బంతిని ఎప్పుడు వదిలేయాలో నేర్పాల్సింది ఎవరు? కాపాడే మనుషులను తెచ్చివ్వాల్సింది ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ కుర్రాడిని దాటి పైకే వెళతాయి.

అక్టోబర్ 27న వాషింగ్టన్‌లో ఆఖరి క్షణంలో గాల్లోకి లేచిన ఒక్క పొడవాటి విసురుతో 18-15తో ఓడారు. నవంబర్ 28న డెట్రాయిట్‌లో ఇంకా ఘోరం. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు, కేలబ్ శాక్ అయ్యేసరికి గడియారంలో అర నిమిషం పైనే ఉంది, చేతిలో ఒక టైమ్‌అవుట్ మిగిలే ఉంది. ఎవరూ అడగలేదు. గడియారం సున్నాకు చేరింది, 23-20తో ఓటమి. మర్నాడే హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌ను తీసేశారు. 1920 నుంచి నడుస్తున్న ఈ జట్టు సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం ఇదే మొదటిసారి.

అంతకు రెండు వారాల ముందే దాడి విభాగం చూసే షేన్ వాల్డ్రన్‌ను కూడా పంపేశారు. అతని స్థానంలోకి వచ్చిన థామస్ బ్రౌన్, నెల తిరక్కుండానే తాత్కాలిక హెడ్ కోచ్ అయ్యాడు. ఒకే ఏడాదిలో టీచర్ల మీద టీచర్లు మారితే పిల్లాడు పరీక్ష ఎలా రాస్తాడు?

మూడోసారి అదే పొరపాటు

అసలు సంగతి ఇక్కడుంది. 2017లో బేర్స్ రెండో ఎంపికగా మిచెల్ ట్రుబిస్కీని తీసుకున్నారు. అప్పటి కోచ్ జాన్ ఫాక్స్‌ను ఆ సీజన్ అయిపోగానే తీసేశారు. 2021లో జస్టిన్ ఫీల్డ్స్‌ను తెచ్చారు. ఆ సీజన్ అయ్యాక కోచ్ మ్యాట్ నాగీ ఉద్యోగం ఊడింది. 2024లో కేలబ్ వచ్చాడు. ఎబర్‌ఫ్లూస్ సీజన్ కూడా పూర్తి చేయలేదు.

మూడుసార్లూ జరిగింది ఒకటే. కుర్చీ కదులుతున్న కోచ్ చేతిలో కొత్త కుర్రాడిని పెట్టారు. రెండో ఏడు వచ్చేసరికి ఆ కుర్రాడు కొత్త మనిషి దగ్గర కొత్త పుస్తకం తెరవాల్సి వచ్చింది. ట్రుబిస్కీ, ఫీల్డ్స్ ఇద్దరూ చివరికి వేరే ఊళ్లకు వెళ్లిపోయారు.

ట్రుబిస్కీ వచ్చిన డ్రాఫ్ట్‌లోనే పదో ఎంపికగా కాన్సస్ సిటీకి వెళ్లినవాడు పాట్రిక్ మహోమ్స్. అక్కడ అతన్ని మొదటి ఏడాది దాదాపుగా బెంచీ మీదే కూర్చోబెట్టి నేర్పించారు. కోచ్ ఆండీ రీడ్ అప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. ఈలోపు వాళ్లు మూడు సూపర్ బౌల్‌లు గెలిచారు. బేర్స్ గెలిచింది ఒకే ఒక్కటి, అదీ 1986 జనవరిలో.

పక్కింట్లోనే పాఠం ఉంది

చేతులు మారితే మనిషి మారతాడా? బేర్స్ ఆడే విభాగంలోనే జవాబు దొరుకుతుంది. లాస్ ఏంజిలెస్ వద్దనుకుని 2021లో వదిలేసిన జారెడ్ గాఫ్, 2024 సీజన్‌లో డెట్రాయిట్‌కు 15 విజయాలు తెచ్చిపెట్టాడు. మూడు జట్లు తిరిగి, పనికిరాడని పేరు తెచ్చుకున్న శామ్ డార్నల్డ్, కెవిన్ ఓకానెల్ దగ్గరికి వచ్చాక మిన్నెసోటాకు 14 గెలిపించాడు. మనుషులు వాళ్లే, ఉస్తాద్‌లు వేరు.

ఇంకో ఉదాహరణ మరీ గుచ్చుకుంటుంది. కేలబ్ తర్వాత రెండో ఎంపిక అయిన జేడెన్ డేనియల్స్‌ను వాషింగ్టన్ తీసుకుంది. కొత్త కుర్రాడితో పాటు కొత్త హెడ్ కోచ్ డాన్ క్విన్‌ను, దాడి విభాగానికి క్లిఫ్ కింగ్స్‌బరీని తెచ్చుకుంది. ముందటి ఏడాది 4 గెలిచిన జట్టు 2024లో 12 గెలిచింది. కేలబ్ కాలేజీలో ఆడినప్పుడు ఆఖరి ఏడాది అతనితో పనిచేసింది ఈ కింగ్స్‌బరీయే. బేర్స్ అతన్ని ఇంటర్వ్యూ కూడా చేసి, చివరికి వాల్డ్రన్‌ను ఎంచుకున్నారు.

వచ్చేవాడు ఎలా ఉండాలి?

2025 జనవరిలో అభిమానుల నోట ఎక్కువగా వినిపించిన పేరు బెన్ జాన్సన్. అప్పట్లో డెట్రాయిట్ దాడి విభాగం అతని చేతిలోనే ఉండేది. గాఫ్‌ను నిలబెట్టిన వాడు కేలబ్‌ను కూడా నిలబెడతాడని ఆశ. క్రమశిక్షణ కావాలనే వాళ్లు టెన్నెసీ మాజీ కోచ్ మైక్ వ్రాబెల్ పేరు చెప్పారు. థామస్ బ్రౌన్‌కే అవకాశం ఇవ్వాలన్న వాళ్లూ ఉండేవారు.

జాన్సన్ కావాలంటే అప్పుడు సబర్ అవసరమైంది. డెట్రాయిట్ ప్లేఆఫ్స్‌లో ఉన్నంతకాలం అతనితో సంతకం పెట్టించుకోవడం నిబంధనల ప్రకారం కుదిరేది కాదు. పైగా పోటీ ఉండేది. లాహోర్‌లో పుట్టి, చదువు కోసం ఇదే ఇలినాయ్ రాష్ట్రానికి వచ్చి ఎదిగిన షాహిద్ ఖాన్ యజమానిగా ఉన్న జాక్సన్‌విల్ కూడా అదే జనవరిలో తన కోచ్‌ను తీసేసింది. న్యూయార్క్ జెట్స్, న్యూ ఇంగ్లండ్ లాంటి జట్లూ అప్పుడు వెతుకుతుండేవి.

పేరు ఏదైనా, చూడాల్సింది ఒకటే. వచ్చేవాడు కేలబ్‌ను నా షాగిర్ద్ అనుకుని రావాలి, తనకు అంటగట్టిన బరువు అనుకుని కాదు. వచ్చాక కనీసం మూడేళ్లు కుర్చీ కదలకూడదు. మొదటి ఏడాదే అద్భుతాలు అడగకూడదు. ముందు వరుసను బాగుచేసే ఖర్చు వేసవికి ముందే పెట్టాలి.

ఇక్కడే యజమానుల జిమ్మేదారీ వస్తుంది. జట్టును స్థాపించిన జార్జ్ హాలస్ ఖాందాన్ చేతిలోనే ఇప్పటికీ బేర్స్ ఉంది. ఆయన కూతురు వర్జీనియా మెకాస్కీకి 2025 జనవరిలో 102 ఏళ్లు నిండాయి. జనరల్ మేనేజర్ ర్యాన్ పోల్స్ కూడా పదవిలోనే ఉన్నారు. 2023లో జట్టు 7 గెలిచి 10 ఓడాక ఎబర్‌ఫ్లూస్‌ను ఉంచి, క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలని తేల్చింది ఈ పెద్దలే. డిసెంబర్ 26న సియాటెల్ చేతిలో 6-3తో ఓడుతున్నప్పుడు స్టేడియంలో జనం ‘జట్టును అమ్మేయండి’ అని అరిచింది కుర్రాడిని చూసి కాదు, వీళ్లను చూసే.

కేలబ్ మంచి ఆటగాడా కాదా అన్నది 2025 జనవరిలో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేకపోయారు. చెప్పాలంటే ఒకే ఉస్తాద్ దగ్గర రెండు మూడేళ్లు నేర్చుకునే అవకాశం అతనికి రావాలి. ముందున్న ఇద్దరికీ చికాగో ఇవ్వనిది అదే. అతనికీ ఇవ్వకపోతే, మరో మూడేళ్లకు ఇదే వాదన ఇంకో కుర్రాడి పేరుతో వినాల్సి వస్తుంది.