ఉప్పు రోగానికి ఉప్పుకాగితం మందు

నెల్లూరు తీరంలో బండి స్టార్ట్ కాకపోతే ముందు అనుమానించాల్సింది ఇంజన్ని కాదు, ఉప్పుని. మైపాడు రోడ్డు వెంట ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది. కానీ గోడ మీద రాసి ఉండదు, పుస్తకంలో అచ్చయి ఉండదు. మెకానిక్ నాలుక మీద ఉంటుంది, అంతే. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. నాలుక మీదున్న ఈ విద్యని తెలుగులో రాసి పెట్టాలి, ఆ పని మనలాంటి ఇంజనీరింగ్ స్టూడెంట్లే చెయ్యాలి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

'ఆఫ్-రోడ్' అనగానే మనలో చాలామందికి రీల్స్‌లో ఇసుక ఎగజిమ్మే థార్ గుర్తొస్తుంది. మంచి బండే. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన వంశం అది. థార్ పేరుతో 2010లో వచ్చింది, 2020లో కొత్త రూపం తొడుక్కుంది. కానీ మన తీరంలో అసలైన ఆఫ్-రోడ్ బండి ట్రాక్టరు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసేది అదే. పట్టుబడి రోజు ఐసు, సరుకు లాగేది అదే. ఒడ్డున ఇసుకలో ఫైబర్ పడవని పైకి లాగాలన్నా అదే కావాలి. దాని తర్వాతే పాత డీజిల్ జీపులు, ఆ తర్వాతే థార్‌లు.

ఇక్కడ బండి ఆగడమంటే వీకెండ్ ట్రిప్పు పాడవడం కాదు. రొయ్య నీళ్ళలోంచి బయటికొచ్చాక ప్రతి గంటకీ లెక్క ఉంటుంది. తడి గట్టు మీద లోడు ట్రాలీతో ట్రాక్టరు ఆగిపోయి, తాళం తిప్పితే సెల్ఫ్ 'టక్'మని ఊరుకుందనుకోండి. ఐసుతో పాటు రేటూ కరుగుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం పడవల్ని పైకి లాగాల్సిన ట్రాక్టరు కదలకపోతే, ఆ రాత్రి సముద్రం పట్టుకుపోయేది ఒక ఇంటి బతుకుదెరువుని.

ఇంతకీ ఉప్పు ఏం చేస్తుంది? సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలల తుంపర గాలిలో కొట్టుకొచ్చి బండి మీద పేరుకుంటుంది. ఉప్పుకి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంది కాబట్టి వాన లేకపోయినా లోహం మీద పల్చటి తడి పొర నిలిచే ఉంటుంది. ఆ పొరలో లోహం మెల్లగా తినేయబడుతుంది. నాకు స్కూల్లో దీన్నంతా కలిపి 'కరోజన్' అని ఒక్క మాటలో నేర్పారు. ఇనుముకి పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము అని రెండు వేరు మాటలున్నట్టు మా ఊరి షెడ్డులో తెలిసింది. ఈ తేడా రిపేరులో పనికొస్తుంది. తుప్పు కంటికి కనపడి భయపెడుతుంది. చిలుము మాత్రం వైరు తొడుగు లోపల, బోల్టు వాషర్ కింద దాక్కుని పని చేస్తుంది.

ఎలాగో చిన్న లెక్కలో చూద్దాం. టెన్త్‌లో చదివిన ఓమ్ సూత్రం చాలు. ఇంజన్ తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటరు సుమారు 200 ఆంపియర్లు లాగుతుందనుకోండి, పెద్ద డీజిల్ ఇంజన్‌కి ఇంకా ఎక్కువే. ఆ కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరాల్సింది ఎర్త్ పట్టీ గుండానే. పట్టీ బోల్టు కింద చిలుము పట్టి 0.02 ఓమ్ అడ్డు ఏర్పడిందనుకుందాం. అది చాలా మల్టీమీటర్లు సరిగ్గా కొలవలేనంత చిన్న అడ్డు. కానీ 200ని 0.02తో గుణిస్తే 4 వోల్టులు. 12లో 4 అక్కడే ఆవిరైపోతే సెల్ఫ్‌కి మిగిలేది 8. అది 'టక్' అని మూలిగి ఆగిపోతుంది.

రైతు ఏం చేస్తాడు? బ్యాటరీ పోయిందనుకుని వేలు పోసి కొత్తది కొంటాడు. కొత్త బలంతో నాలుగు రోజులు లాగుతుంది, మళ్ళీ అదే కథ. మా షెడ్డు పెద్దాయన అయితే బ్యాటరీని ముట్టుకోడు. "బ్యాటరీ కాదబ్బయా, ఎర్త్ అందట్లా. నెగిటివ్ కాడ చూడు" అంటాడు. నెగిటివ్ వైరు ముందు ఊడదీస్తాడు, బిగించేటప్పుడు దాన్నే చివర బిగిస్తాడు. అలా చేస్తే స్పానరు ఎక్కడన్నా తగిలినా షార్ట్ కాదు. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి టెర్మినల్ కడుగుతాడు. చాసిస్‌కి బోల్టు కూర్చునే చోట పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూస్తాడు. ఉప్పు తెచ్చిన రోగానికి ఉప్పుకాగితమే మందన్నమాట. ఖర్చు పది ఇరవై రూపాయలు.

ఆయన దగ్గర ఇంకో పరికరం ఉంది. పాత హెడ్‌లైట్ బల్బుకి రెండు వైర్లు అతికించిన టెస్ట్ బల్బు. మన ల్యాబులో మల్టీమీటర్ వాడే వాళ్ళకి అది నాటు పద్ధతిలా కనిపించొచ్చు. కానీ ఒకసారి ఆలోచించండి. వైరు లోపల చిలుము పట్టి ఒక్క పోగే మిగిలినా మల్టీమీటర్ నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు కరెంటే తీసుకోదు. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు అడుగుతుంది. ఆ ఒక్క పోగు అంత మోయలేదు, బల్బు గుడ్డిగా వెలుగుతుంది. లోడు పెట్టి టెస్ట్ చెయ్యమని మనం సాఫ్ట్‌వేర్‌కి చెప్పుకునే పాఠమే ఇది. అది ఆయనకి ఎప్పట్నించో తెలుసు. మల్టీమీటరే వాడాలంటే దానికీ పద్ధతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగిటివ్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య కొలవాలి. అర వోల్టు దాటితే దోషం ఎర్త్‌దే.

కరెంటు గోల ఒక్కటే కాదు. ఇసుకలో తిరిగి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ ఇసుకతో పూడుకుపోయి ఉంటే సీలు పక్కనుంచి ఉప్పునీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. నూనె పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్ళు చేరినట్టే. మొత్తం దించేసి, కొత్త నూనె పోసి, బ్రీదర్ శుభ్రం చెయ్యాలి. లేకపోతే ముందు బేరింగులు, తర్వాత గేర్లు పోతాయి. జీపులో ఇసుకలోకి దిగేవాళ్ళు టైర్ల గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించకుండా హాఫ్ క్లచ్ మీద గింజుకుంటే కాలేది క్లచ్ ప్లేటే. తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టించడం కూడా అంతే ముఖ్యం. ఇక కడగడం సంగతి. సముద్రం దగ్గర్నించి వచ్చాక బండి అడుగుభాగం కడగాలని అందరూ చెప్తారు. ఏ నీళ్ళతో అని ఎవరూ అడగరు. తీరం పల్లెల్లో చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీళ్ళే. వాటితో కడగడమంటే ఉప్పుని ఉప్పుతో తుడవడం. మంచినీళ్ళు కావాలి.

వరదలప్పుడు ఇంకో ప్రమాదం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, నెల్లూరు దగ్గర జాతీయ రహదారీ తెగింది. అలాంటి నీళ్ళలో మునిగి తేలిన బండిని చూడగానే ఎవరైనా ముందు చేసే పని తాళం తిప్పడం. అదే చెయ్యకూడదు. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఇంజన్ అయితే ఇంజెక్టర్లు తీసి, అప్పుడు తిప్పి, నీళ్ళు బయటికి చిమ్మించాలి. నూనె, ఫిల్టర్లు మార్చాలి, ట్యాంకులో డీజిల్ దించేయాలి. నీళ్ళలో పడిన ఫోన్ని ఆన్ చెయ్యకూడదని మనకి తెలుసు. ట్రాక్టరు విషయంలో అదే మాట ఊళ్ళోకి ఎందుకు చేరలేదు? ఎవరూ రాయలేదు కాబట్టి.

ఇక కొత్త బండ్లు. పాత మెకానికల్ డీజిల్ ఇంజన్ ఒకసారి రాజుకుంటే బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది. ఇప్పుడు ఇంజన్‌కి కంప్యూటర్ వచ్చింది. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక వాటిలోకీ ఎలక్ట్రానిక్స్ చేరాయి. సెన్సర్ వైర్లలో నడిచేది 5 వోల్టులు, మిల్లీ ఆంపియర్లు. కనెక్టర్ పిన్ను మీద కాస్త చిలుము చాలు, కంప్యూటర్‌కి అబద్ధపు లెక్క అందుతుంది. స్కానర్ పెడితే 'పి 0335' అని వస్తుంది. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో లోపం అని దానర్థం. గమనించండి, సెన్సర్ పోయిందని కాదు, సర్క్యూట్లో లోపం అని. అయినా ముందు సెన్సరే మార్చేస్తారు. ఎర్రర్ ఏ లైన్లో వచ్చిందో స్టాక్ ట్రేస్ చూపిస్తుంది, తప్పు ఎక్కడ పుట్టిందో మనమే వెతకాలి కదా! ఇదీ అంతే.

మామూలు కోడ్లు చవక బ్లూటూత్ అడాప్టర్‌తోనూ చదవొచ్చు. కంపెనీ సొంత కోడ్లు, రీసెట్లు మాత్రం చాలాసార్లు కంపెనీ టూల్‌కే తెరుచుకుంటాయి. అంటే ఉప్పుకాగితంతో పోయే జబ్బుకి గట్టు మీదనుంచి ట్రాక్టర్ని టౌన్ సర్వీస్ సెంటర్ దాకా ఈడ్చుకెళ్ళాలి. ఈ బాధ మనదొక్కరిదే కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతులకి తమ యంత్రాలు తామే బాగుచేసుకునే హక్కు చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలు, వాహనాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచారు. మంచిదే. కానీ పోర్టల్ చట్టం కాదు.

కోడ్లు అందరికీ ఇస్తే కాలుష్యం సెట్టింగులు మార్చేస్తారని కంపెనీలు అంటాయి. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ మన సీఎస్ఈ వాళ్ళకి రీడ్ పర్మిషన్‌కీ రైట్ పర్మిషన్‌కీ తేడా చెప్పక్కర్లేదు. చదవనివ్వండి, రాయడం మీరే అట్టిపెట్టుకోండి. జబ్బు పేరు చదివే హక్కు కూడా మెకానిక్‌కి లేదనడం న్యాయం కాదు.

యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు బోలెడు ఉన్నాయిగా అని ఇంకొందరు అంటారు. ఉన్నాయి, కొన్ని చాలా బాగుంటాయి. కానీ రాత్రిపూట గట్టు మీద, సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట, ఇరవై నిమిషాల వీడియోలో కావాల్సిన ముక్క ఏ నిమిషంలో ఉందో వెతకలేం. రాసి పెట్టిన నాలుగు లైన్లయితే ఫోన్లో దాచుకోవచ్చు, వెతుక్కోవచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు.

చివరి అభ్యంతరం మన క్లబ్బులోంచే రావొచ్చు: ఇది సాహిత్యమా? దీనికి జవాబు అరవై ఏళ్ళ కిందటే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం 1962లో, చేనేత పదాలతో ఇంకోటి 1971లో వచ్చాయి. నాగలి భాగాల పేర్లకి నిఘంటువులో చోటు దొరికినప్పుడు ట్రాక్టరు రోగాల పేర్లకి ఎందుకు దొరక్కూడదు? 'సెల్ఫ్ ఎత్తట్లా', 'ఎర్త్ అందట్లా', 'ఎయిర్ పట్టింది' - ఇవన్నీ ఇవ్వాళ బతికున్న తెలుగు. సగం ఇంగ్లీషు మాటలే అయినా వ్యాకరణం మనది, విరుపు నెల్లూరుది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాలాంటి వాళ్ళకి తెలుగు మీద పట్టు తక్కువ కావొచ్చు, టైప్ చేసి వెబ్‌లో పెట్టడం మాత్రం చేతనవును. షెడ్డు పెద్దాయనకి విద్య ఉంది, రాసే తీరిక లేదు. ఆయన కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. షెడ్డులో ఇప్పుడున్న కుర్రాడు కొన్నాళ్ళకి ఇంకెక్కడికో పోతాడు. ఇలాగే వదిలేస్తే ఆ విద్య ఆయనతోనే ఆగిపోతుంది.

అందుకే ఈ ప్రతిపాదన. సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు తలా ఒక షెడ్డుకి వెళ్ళండి. ఒక గంట కూర్చోండి. మూడు గళ్ళు గీయండి: లక్షణం, చూడాల్సింది, చెయ్యాల్సింది. వాళ్ళ మాట వాళ్ళు అన్నట్టే రాయండి, దిద్దకండి. రాసింది వాళ్ళకే చదివి వినిపించి, ఒప్పుకుంటేనే ఎక్కించండి, పేరు వెయ్యమంటే పేరు వెయ్యండి. మెకానికల్, ఈఈఈ వాళ్ళు లెక్కలు సరిచూడండి. వెతుక్కునేలా పేజీ కట్టే పని మా సీఎస్ఈ వాళ్ళది.

మొదటి వరుస నేను రాసేస్తున్నా. లక్షణం: సెల్ఫ్ టక్‌మని ఆగుతోంది. చూడాల్సింది: బ్యాటరీ కాదు, నెగిటివ్ పట్టీ బోల్టు కింద చిలుము. చెయ్యాల్సింది: ఊడదీసి, కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, గ్రీజు పూయాలి.

రెండో వరుస ఖాళీగా ఉంది. ఎవరు రాస్తారు?