పరిగెత్తితే వరద తీస్తుందా అన్నవారికి

సంపాదకుల వారికి,



మొన్నటి ఆదివారం అనుబంధంలో మీ కాలమిస్టు గారు విదేశాల్లో ఉన్న మనవాళ్ల ‘సేవా పరుగుల’ మీద వెటకారంగా రాసింది చదివాను. చదివి, పేపరు మడిచి పక్కన పడేయాల్సిన వయసే నాది. చేతకాలేదు. అక్కడ బనియన్లు తొడుక్కుని పరిగెత్తితే ఇక్కడ వరద తీస్తుందా అని అడిగారాయన. ఆ బూట్ల ఖరీదు పంపినా ఒక కుటుంబం నెల తింటుందని లెక్క కూడా కట్టారు. పైగా ఉదాహరణకు మా చెయ్యేరే దొరికింది ఆయనకు. రాజంపేట నుంచి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. హైస్కూలు పిల్లల చేత జీవితమంతా పరుగులు తీయించి రిటైరైన డ్రిల్లు మాస్టర్ని, ఆ పని నేనే పెట్టుకుంటున్నాను.

2021 నవంబరు 19 పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కార్తీక పున్నమి. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్లన్నీ వచ్చి చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడినాయి. ఉన్న గేట్లలో ఒకటి ఎత్తడానికే రాలేదు. తెల్లారేసరికి మట్టికట్ట పోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, రామచంద్రాపురం, గుండ్లూరు... చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిపి ముప్పై మందికి పైనే. నందలూరు–రాజంపేట మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయినాయి. ఆ ఏటి ఒడ్డున ఉన్న ఒక ఊరే మా తాతలది.

మొదటి పది పదిహేను రోజులు సాయానికి కొదవ లేదు. పులిహోర పొట్లాలు, నీళ్ల బాటిళ్లు, దుప్పట్లు, కొందరి ఇళ్లల్లో అవసరానికి మించి చీరలు. మీ పేపరూ రోజుకొక పేజీ ఇచ్చింది, కాదనను. ఆ తర్వాత? జిల్లాల గొడవ మొదలైంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది, కేంద్రం రాయచోటికి పోయింది, మేము రోడ్డెక్కాము, మీరు ఆ ఫోటోలు వేశారు. అప్పటికి మా పొలాల్లో మోకాలెత్తు ఇసుక మేట అట్లనే ఉంది. బోరు మోటారు ఏ ఇసుక కింద ఉందో తెలియదు. స్టార్టరు డబ్బా మాత్రం వేపచెట్టు కొమ్మకు వైర్లతో సహా తగులుకుని ఉండేది, దాన్ని చూసి ఇక్కడ నాది బోరుండేది అని గుర్తు పట్టినాడు మా దాయాది ఒకాయన. బియ్యం ఇచ్చిన వాళ్లకు దండం పెడతాను. అయితే బియ్యంతో ఇసుక తీయలేము.

సరిగ్గా ఆ ఎండాకాలంలో, అందరూ మమ్మల్ని మరిచిపోయిన అదునులో, మా తమ్ముని కూతురు పరిగెత్తింది. పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండులో. తెలుగు మాట్లాడితే సగం నవ్వొస్తుంది, సగం ముద్దొస్తుంది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి చెయ్యేట్లో చెలమ తవ్వి నీళ్లు తాగిన పిల్ల. 21 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చింది. రాజంపేట నుంచి నందలూరు పోయి మళ్లీ రాజంపేటకు వచ్చినంత దూరం, అటూ ఇటూగా. చలికాలమంతా సాధన. వారానికొకసారి ఫోను. “పెదనాయనా, మోకాలు పీకుతాంది, ఏం చేయాల?” సిమెంటు మీద కాకుండా గడ్డి మీద పరిగెత్తమని, పందెం నాడు కొత్త బూట్లు వేయొద్దని, మొదటి మూడు కిలోమీటర్లలో పౌరుషానికి పోవద్దని ఇక్కడి నుంచే చెప్పేవాణ్ని.

ఇప్పుడు మీ కాలమిస్టు గారి బూట్ల లెక్కకు వస్తాను. ఆ పిల్ల బూట్ల ఖరీదు పంపి ఊరుకుంటే ఆ బూట్ల ఖరీదే వచ్చేది. పరిగెత్తింది కాబట్టి ఆమె ఆఫీసులో వాళ్లు, ఆమె ఎక్కే బస్సు డ్రైవరు, వాళ్ల వీధిలో దంతాల డాక్టరు, చెయ్యేరు అనే పేరు పలకడం కూడా రాని వాళ్లందరూ తలా ఇంత వేశారు. ఊరికే పోయి డబ్బులియ్యమంటే ఎవరిస్తారు? అడిగే వాడికి నోరు రాదు, ఇచ్చేవాడికి చెయ్యి రాదు. నేనింత కష్టపడతాను, మీరింత వేయండి అంటే అడగడానికి ఒక ముఖముంటుంది. ఆ దేశంలో నమోదైన సంస్థ ద్వారా ఇస్తే, ఇచ్చినవాడు పన్ను కట్టేవాడైతే, ప్రతి పౌనుకు పావు పౌను సర్కారే కలుపుతుంది. 1981లో మొదలైన లండన్ మారథాన్ ఒక్కటే ఇప్పటికి వంద కోట్ల పౌన్లకు పైగా ధర్మకార్యాలకు రాబట్టింది. అదంతా బూట్ల సరదానేనా?

నిజంగా వెటకారం చేయాలనుకుంటే దానికి వేరే చోటుంది. చెప్తా వినండి. మన లెక్కలో రెండు లక్షల చిల్లర పోగైంది. మా ఊరి కుర్రాళ్ల సంఘానికి పంపుతానంది. సంఘానికి రిజిస్ట్రేషనే లేదు. పోనీ నా ఖాతాలో వేస్తానంటే నేను మా ఊళ్లో ఒక బ్యాంకుకు (పేరెందుకు లెండి) పోయి అడిగినాను. లోపల కూర్చున్న ఆఫీసరు ఇచ్చినవాళ్ల జాబితా చూపించమన్నాడు. ఫోను అందించాను. వేలితో పైకీ కిందికీ జరిపి జరిపి, “వీళ్లంతా మీకేమవుతారు?” అన్నాడు. ఏమీ కారు సార్ అన్నాను. “ఏమీ కాకుండా డబ్బులెందుకిస్తారు?” ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, మీ కాలమిస్టు గారి దగ్గర ఉండొచ్చు. రేపు రమ్మన్నాడు. రేపు పోతే సర్వరు లేదు. ఆ మర్నాడు పోతే ఆ ఆఫీసరు లేడు. ఇంకొకాయన, “మాస్టారూ, ఎఫ్‌సీఆర్‌ఏ అని ఒక చట్టముంది, ఈ వయసులో మీకెందుకీ తలనొప్పి” అని టీ తెప్పించి పంపించినాడు. టీ బాగుంది.

తర్వాత తెలుసుకున్నాను. 2010 నాటి చట్టం. 2020లో దాన్ని ఇంకా బిగించారు. బయటి దేశాల విరాళం తీసుకునే సంస్థ ఏదైనా సరే, ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. అట్లా తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదలాయించడానికీ లేదు. దొంగ సంస్థలు లేవని నేననడం లేదు, కట్టడి ఉండాల్సిందే. కానీ కట్ట తెగిన ఊరికి ఢిల్లీ మీదుగా తోవ పెడితే ఆ తోవ ఎవరికి తెలుస్తుంది? అన్ని అనుమతులూ ఉన్న ఒక సంస్థను పట్టుకుని, వాళ్లను బతిమాలి, వాళ్ల చేతనే మా వైపు అయిదారుగురు రైతులకు మోటార్లు, కేబుళ్లు ఇప్పించేసరికి ముంగారు అదును దగ్గర పడింది. అప్పటికే ఆలస్యమై ఒకాయన ఆ సారి వరి పెట్టలేకపోయినాడు. పిల్ల పరిగెత్తింది రెండు గంటల చిల్లర. డబ్బు నడిచింది నెలలు. దీని మీద రాయండి కాలమ్!

ఇంకొక మాట. విపత్తు వస్తే జనంలోకి పోయి జోలె పట్టడం మనకు కొత్తా? 1952లో రాయలసీమ కరువుకు ఎన్టీ రామారావు గారు ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేశారు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనా అక్కినేని నాగేశ్వరరావు గారూ జోలె పట్టారు. ఆ ఉప్పెన వచ్చిందీ నవంబరు 19నే, మాకు కట్ట తెగిందీ ఆ తేదీనే. ఏటా ఆ జోలె కథ మీ పేపర్లో వేస్తారు, బాగుంటుంది. హీరో జోలె పడితే త్యాగం, మా పిల్ల నిక్కరు తొడుక్కుని పరిగెత్తితే షోకు. 1986లో ఆఫ్రికా కరువు కోసం సూడాన్ అథ్లెట్ ఒమర్ ఖలీఫా సొంత దేశంలో కరువు శిబిరంలో ముట్టించిన కాగడా పట్టుకుని ఐరోపా రాజధానుల మీదుగా న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి దాకా పోయినాడు. మే 25న దేశదేశాల్లో లక్షలాది జనం ఆయన వెంట తామూ పరిగెత్తారు. ఆయనకూ బూట్ల బిల్లు పంపాల్సింది.

అసలు మీ కాలమిస్టు గారు ఈ పరుగును మన ‘2కె రన్’ అనుకున్నట్టున్నారు. అదైతే నాకు బాగా తెలుసు. ఏదో ఒక దినోత్సవం. పొద్దున ఆరింటికల్లా రెండొందల మంది పిల్లలను పట్టుకురమ్మని పై నుంచి ఆర్డరు. ముఖ్య అతిథి తొమ్మిదిన్నరకు దిగుతాడు. అప్పటిదాకా పిల్లలు టిఫిను లేకుండా ఎండలో. జెండా ఊపుతాడు, ఫోటో కోసం పది అడుగులు పరిగెత్తుతాడు, కారెక్కుతాడు. పిల్లలేమో సర్కిల్ దాకా నడుచుకుంటూ పోయి అరటిపండు తీసుకుని ఇంటికి. ఒకసారి ఎనిమిదో తరగతి పాప నా కళ్ల ముందే బ్యానరు పట్టుకునే కుప్పకూలింది. సోడా తాగించి లేపి, అతిథి వచ్చేదాకా ఉండమన్నారు. ఆ పరుగుతో పైసా రాలలేదు. మర్నాడు మీ జిల్లా ఎడిషన్లో మూడు కాలమ్‌ల ఫోటో వచ్చింది. దాని మీద మీ కాలమిస్టు గారు ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు.

చివరగా కువైట్. మా ఆడవాళ్లు కువైట్‌లో పాచిపని చేసి, ఏ పరుగూ లేకుండా డబ్బు పంపలేదా అని ఆయన నిలదీశారు. పంపారు. జీతంలో కోసుకుని పంపారు, మా వీధిలోనే ఉన్నారు అట్లాంటి తల్లులు. కానీ వాళ్లను చూపించి ఈ పిల్లను కొట్టడమెందుకు? అనుమతి లేకుండా నలుగురి దగ్గర చందా వసూలు చేస్తే ఆ దేశంలో నేరం. సేటు ఇంటి గడప దాటడానికి సెలవు దొరకని మనిషి ఎక్కడ పరిగెత్తుతుంది? ఎవరికి ఏ తోవ ఉందో ఆ తోవలో పంపినారు.

ఈ ఉత్తరం వేస్తారో లేదో మీ ఇష్టం. కుదించాల్సి వస్తే నా మోకాళ్ల సలహాలు తీసేయండి, బ్యాంకు సంగతి మాత్రం ఉంచండి. ఇంకొకటి: ఆ వ్యాసం పక్కన చెయ్యేరు అని రాసి వేసిన ఫోటో చెయ్యేరుది కాదు. అందులో లాంచీ ఉంది. మా ఏట్లో ఏడాదిలో చాలా నెలలు ట్రాక్టర్లే తిరుగుతాయి, అవీ ఇసుక కోసం. అది ఏ గోదావరి ఫోటోనో కనుక్కుని సవరణ వేయించగలరు.

— ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టరు,
రాజంపేట