తాళపుచెవికి కప్పమా?



పుట్టపర్తిలో నా పూర్వశిష్యులు నడిపే పద్యాల జాలస్థలిని మొన్న తెరవబోతే, విహరిణి "ఇది సురక్షితం కాదు" అని భయపెట్టింది. పద్యాలలో దోషమేమీ లేదు. భద్రతాపత్రం గడువు తీరింది, అంతే. ఏటేటా వేల రూపాయలు పుచ్చుకొనే ఆసామికి ఆ తేదీ గుర్తులేదట!

ఆ వేలు అసలెందుకు? లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని వ్యవస్థ 2015 డిసెంబరు నుండి ఈ పత్రాలను ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నది. సర్ట్‌బాట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును సర్వరులో ఉంచితే, ఆ చిరునామా మనదేనని తానే రుజువు చూపి, పత్రం తెచ్చి, గడువుకు ముందే మార్చివేస్తుంది. దాని మూలసంకేతాన్ని ఎవరైనా పరిశీలింపవచ్చును.

"ఉచితం నాసిరకం" అంటాడు ఆసామి. రొక్కం చెల్లించినంత మాత్రాన గుప్తీకరణ బలపడదయ్యా! సంస్థల వివరాలు విచారించి ఇచ్చే పత్రాలు వేరే ఉన్నవి, కాదనను; పద్యాల పుటకు అవెందుకు? పెద్ద పేరూ రక్ష కాదు: 2014లో మన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ నుండే గూగుల్ చిరునామాల పేరిట అనధికార పత్రాలు వెలువడలేదా?

2029 మార్చి నుండి పత్రం ఆయువు 47 రోజులకు మించరాదని విహరిణుల నిర్మాతలూ పత్రదాతలూ 2025లో తీర్మానించారు. అప్పుడు ఏడాదికి ఎనిమిదిమార్లు ఆ ఆసామి జ్ఞాపకశక్తినే నమ్ముకొందామా?