ప్రళయానికి ఫీజెంత?

లోకం ఫలానా రోజున ఆగిపోతుందన్న భయం మీద అమీర్‌పేట ఒకప్పుడు నాలుగు డబ్బులు చూసింది. 1990ల చివర మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోచింగుల ప్రకటనలే. పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే గుర్తుపెట్టుకునేవి కాబట్టి 2000 రాగానే అది 1900 అనుకుని మొరాయిస్తాయని, బ్యాంకులూ విమానాలూ కరెంటూ స్తంభిస్తాయని పెద్ద దేశాలు గడగడలాడాయి. అమెరికాలో కొందరు మతబోధకులైతే దీన్ని బైబిల్ చెప్పిన అంత్యదినాలతో ముడిపెట్టి, తిండిగింజలు నిల్వ చేసుకోమన్నారు. మన పిల్లలు మాత్రం జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, ఆ రెండంకెల్ని నాలుగు చేసే విద్య నేర్చుకున్నారు. వీసా వచ్చినవాళ్లు విమానమెక్కారు. జనవరి 1న లోకం ఎప్పటిలాగే లేచి కాఫీ తాగింది.

ఇంత మంచి నవలా వస్తువు కాళ్ల దగ్గరే పడి ఉండగా మనవాళ్లు ఎందుకు ముట్టుకోలేదా అనిపిస్తుంది. కూతవేటు దూరంలో సోమాజిగూడ ప్రెస్‌క్లబ్. అక్కడ పుస్తకావిష్కరణలకు కొదవ లేదు. కథలు, కవితా సంపుటాలు, ఆత్మకథలు, నాయకుల ప్రసంగ సంకలనాలు అన్నీ వస్తుంటాయి. బైబిల్ చివరనున్న ప్రకటన గ్రంథంలోంచి పుట్టే పీడకల నవల వైపు మాత్రం మన చూపు పెద్దగా పోలేదు. ఇంగ్లీషులో ఈ తోవకు నూరేళ్లు దాటాయి.

1907లో రాబర్ట్ హ్యూ బెన్సన్ అనే కేథలిక్ గురువు ‘లార్డ్ ఆఫ్ ది వరల్డ్’ రాశారు. అందులో క్రీస్తు విరోధికి కొమ్ములూ కోరలూ ఉండవు. చక్కటి మాటకారి. యుద్ధాన్ని ఆపి, తూర్పునూ పడమరనూ కలుపుతాడు. జనం వాళ్లంతట వాళ్లే మోకరిల్లుతారు. కథ మొదట్లోనే ఒక ఘట్టం ఉంది. ఒక గాలిఓడ కూలిపోతుంది. గాయపడ్డవాళ్ల దగ్గరికి సర్కారు మనుషులు పరుగున వస్తారు. బతికించడానికి కాదు, నొప్పి తెలియకుండా ప్రాణం తీయడానికి. అంతా మర్యాదగానే జరిగిపోతుంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో మనీలా నుంచి తిరిగివస్తూ ఈ నవల చదవమని విలేకరులకు చెప్పారు.

1995లో మొదలైన ‘లెఫ్ట్ బిహైండ్’ నవలల దారి వేరు. పదహారు సంపుటాలు, ఆరు కోట్లకు పైగా ప్రతులు. అందులో క్రీస్తు విరోధి ఏకంగా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి! ఈ గుర్తుకు ఈ దేశం, ఆ అంకెకు ఆ నాయకుడు అంటూ జత కలుపుకుంటూ పోయే రచన అది. అమ్మకాలు దానివైతే కావచ్చు గానీ, నా ఓటు బెన్సన్‌కే.

మూలగ్రంథం తెరిస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రోమా సామ్రాజ్యపు నీడలో, పత్మాసు ద్వీపంలో ఉండి యోహాను రాసిన గ్రంథమది. మృగాల సంగతి అలా ఉంచి పద్దెనిమిదో అధ్యాయం చూడండి. మహానగరం కూలిపోతే వర్తకులు దూరంగా నిలబడి ఏడుస్తారు. మనుషులు పోయారని కాదు, సరుకు కొనేవాడు లేడని. ఆ సరుకుల జాబితా కూడా ఉంది. బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలు, పట్టు, దాల్చినచెక్క, నూనె, గోధుమలు, గుర్రాలు, రథాలు. పంజాగుట్ట నుంచి సోమాజిగూడ దాకా నగల దుకాణాల ముందు నుంచి నడిచేవాడికి అందులో సగం సరుకు అద్దాల్లోనే కనిపిస్తుంది. జాబితాలో అన్నిటికన్నా చివరి సరుకు మనుషుల ప్రాణాలు. అమీర్‌పేట కుర్రాళ్లను విదేశీ కంపెనీలకు అద్దెకిచ్చే వ్యాపారాన్ని ఆ రంగంలోనే బాడీ షాపింగ్ అనేవారు. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు ఆ వ్యాపారం మీద 2007లో పుస్తకమే వేశారు. ఆ సరుకుల జాబితా నవలకు మొదటి అధ్యాయం, ఈ బాడీ షాపింగ్ ఆఖరి అధ్యాయం. మధ్యలోది రాయాల్సింది మనమే.

అదే గ్రంథంలో నల్ల గుర్రమెక్కి, చేత త్రాసు పట్టుకుని ఒకడు వస్తాడు. రోజు కూలికి ఒక్క మనిషి తిండికి సరిపడా గోధుమలే వచ్చేంత కరువు. నూనె, ద్రాక్షారసం జోలికి మాత్రం పోవద్దని వాడికి హెచ్చరిక! పేదవాడి గింజలకే ఎసరు, కలవాడి విందుకు ఢోకా లేదు. ఇది తెలుగువాళ్లకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ నల్ల గుర్రం కథ వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనకు బ్రహ్మంగారు ఉన్నారు కదా అంటారా? ఉన్నారు. బనగానపల్లెలో అచ్చమ్మగారి పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశారని జనం చెప్పుకుంటారు. దూదేకుల సిద్దయ్యనూ, కక్కయ్యనూ శిష్యులుగా చేరదీసిన మనిషి. యోహాను లాగే అధికారానికి ఆమడ దూరాన ఉండి లోకం తలకిందులవుతుందన్నారు. మనం దాన్నీ వాట్సాప్ స్థాయికి దించేశాం. కరోనా రాగానే ఆయన ఎప్పుడో చెప్పారని సందేశాలు పంపుకున్నాం. 1979లో అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెల్లో మేకల్నీ కోళ్లనూ కోసుకుతిన్న కథలు ఇప్పటికీ నవ్విస్తాయి. జూలై 11న అది పోయి హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. తిన్న మేకలైతే తిరిగి రాలేదు.

మృగం ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అంటుంది ప్రకటన గ్రంథం. ఆ మాట పట్టుకునే మిజోరంలో కొందరు క్రైస్తవులు ఆధార్ వద్దన్నారు. ఆధార్ ఆ ముద్ర అని నేననను. కానీ పనిచేసి పనిచేసి వేలిగీతలు అరిగిపోయిన ముసలమ్మ, యంత్రం మీద మళ్లీ మళ్లీ బొటనవేలు నొక్కి, వట్టి సంచితో రేషన్ దుకాణం మెట్లు దిగడం మనకు తెలియని సంగతి కాదు. ఏ ఏడు, ఏ తేదీ అన్న వెతుకులాట ఆమెను పట్టించుకోదు. నవల పట్టించుకోగలదు.

కలం పట్టే కొత్తవాళ్లకు ఒక్క మనవి. మృగానికి ఎన్ని తలలో లెక్కపెట్టడం ప్రసంగీకులకు వదిలేయండి. పద్దెనిమిదో అధ్యాయంలోని ఆ సరుకుల జాబితా దగ్గర మొదలుపెట్టండి. పుస్తకం అయ్యాక ప్రెస్‌క్లబ్ ఎలాగూ ఉంది, పిలవండి, వస్తాం.